దొండపాదు మీద సరుగుడాకు

దైవాశీర్వాదం అన్నయ్యగారి మీద నాకున్నంత కోపం మా పిస్కాటవే ఊరు మొత్తంలో ఇంకెవరికీ ఉండదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ తేలిక, వినేవాళ్ళకూ తేలిక. మా చర్చిలో ఎవరినడిగినా ఆయన దేవుడిలాంటి మనిషంటారు. అనేవాళ్ళదేం పోయింది? ఆ దేవుడిలాంటి మనిషి పక్కింట్లో ఇరవై రెండేళ్ళు ఉండి చూస్తే తెలుస్తుంది. చెప్పిన మాట వినరు. తిడితే తిరిగి ఒక్క మాట అనరు. అన్నీ తలూపుతూ విని, చివరికి తాను అనుకున్నదే చేస్తారు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా?

ఆయనది మొగల్తూరు. వైజాగ్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, హైదరాబాద్‌లో కొన్నాళ్ళు ఉండి, తర్వాత అమెరికాలో ఇక్కడి మందుల కంపెనీ ఒకదానికి వచ్చారు. పాతికేళ్ళు ఒకటే పని. తయారైన మాత్రలు బయటికి వెళ్ళేముందు ల్యాబ్‌లో పరీక్ష చేసి, బాగున్నాయని సంతకం పెట్టాలి. ఒకసారి చూడాల్సింది రెండుసార్లు చూసేవారట. ఇంట్లోనూ అదే వరస. పెరుగు తోడు పెట్టాలంటే పాలల్లో థర్మామీటర్, స్నానం చేయాలంటే బకెట్‌లో థర్మామీటర్. చొక్కా జేబులో చిన్న నోట్‌బుక్, దానికో పెన్ను. "జ్వరమొస్తే మాత్రం నీ నుదుటి మీద చెయ్యేసి చూస్తారా వదినా, దానిక్కూడా రెండుసార్లు థర్మామీటరేనా?" అని వాళ్ళావిడ నవోమి వదినను ఏడిపించేదాన్ని. ఆవిడ పడీ పడీ నవ్వేది.

వదినది పేరుపాలెం, సముద్రం ఒడ్డు. చిన్నప్పుడు వాళ్ళింట్లో పొయ్యి వెలగాలంటే సరుగుడాకే దిక్కు. తెల్లవారకముందే చీపురూ పాత చీరా పట్టుకుని వాళ్ళమ్మతో సరుగుడు తోటలోకి పోవడం, రాలిన సూదులాంటి ఆకంతా ఊడ్చి మోపు కట్టడం, కాపలా వాడు కేకలేసుకుంటూ వచ్చేలోపు పరుగెత్తడం. ఈ కథ నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ కాపలా వాడి కర్ర ఒక జానెడు పెరిగేది. ఇక్కడికొచ్చాక ఆవిడ ఒక హాస్పిటల్ కిచెన్‌లో పదహారేళ్ళు పనిచేసింది. ఉన్న ఒక్క కూతురు అబిగేల్‌ను చదివించుకుంది.

మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. అమెరికన్ల చర్చి ఒకటి ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటాం. దాని పార్కింగ్ లాట్ వెనక వరసగా పెద్ద పెద్ద పైన్ చెట్లు. అక్టోబర్ వచ్చేసరికి వాటి కింద గోధుమరంగు సూదులు మెత్తగా, పాదం దిగబడేంత మందాన పరుచుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు వదిన "అమ్మ బాబోయ్, ఎంత సరుగుడాకు!" అంది. అది సరుగుడు కాదు, పైన్ అని అన్నయ్యగారు శాస్త్రం పేరుతో సహా చెప్పారు. వింటేగా. ఆరాధన అయ్యాక మేమంతా ప్రేమవిందులో బిర్యానీ తింటుంటే, ఈవిడ పట్టుచీర కుచ్చెళ్ళు దోపుకుని ఆ చెట్ల కింద వంగి చెత్తసంచుల్లోకి ఆకు ఎత్తేది. అన్నయ్యగారు సిగ్గుతో కార్‌లో కూర్చుని అద్దాలు ఎక్కించుకునేవారు.

ఆ ఆకంతా దొండపాదుకి. పన్నెండేళ్ళ కిందట పక్క ఊరు ఎడిసన్‌లో ఎవరో ఇచ్చిన జానెడు తీగను వంటింటి వెనక, ఎండ బాగా తగిలే గోడ మూలలో నాటింది. ఇక్కడి చలికి దొండ ఒక్క వేసవికి మించి బతకదని అందరం చెప్పాం, నవ్వాం. ఆవిడ పట్టించుకోలేదు. చలి ముదరగానే తీగ కోసేసి, మొదలు మీద అడుగెత్తున ఆకు కప్పి, చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టింది. ఏప్రిల్ నెలాఖరుదాకా తాను ముట్టుకోలేదు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. మే నెలలో ఆకు తీసి చూస్తే లేత మొలక. నవ్విన నాపచేనే పండింది. ఏటికేడూ దుంప ఊరింది, పందిరి నిండింది, సగం చర్చి ఆ దొండకాయల వేపుడే తిన్నాం. వెచ్చగా ఉండటానికా కప్పుతున్నావు అని నేనొకసారి అడిగాను.

"వెచ్చగా ఉండాలని కాదే జోసీ. నేల ఓ పూట బిగిసి ఓ పూట కరిగితే దుంప కుళ్ళిపోద్ది. కప్పేసి వదిలెయ్యాలంతే. మాటిమాటికీ తీసి చూడకూడదు" అంది.

నాలుగేళ్ళ కిందట ఆవిడకు మతిమరుపు జబ్బు మొదలైంది. చివర నేర్చుకున్నవి ముందు పోతాయని డాక్టర్ చెప్పాడట. అలాగే పోయాయి. ముందు డ్రైవింగ్ పోయింది, తర్వాత ఇంగ్లీషు, తర్వాత హాస్పిటల్లో గడిపిన పదహారేళ్ళు. ఆ తర్వాత నేను. ఒక ఆదివారం నా వైపు చూసి "ఎవరి తాలూకా అమ్మా నువ్వు?" అని మర్యాదగా అడిగింది. ఇంటికొచ్చి కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. కొన్నాళ్ళకు అన్నయ్యగారి వంతు వచ్చింది. ఎవరో పరాయి మగమనిషి ఇంట్లోకి వచ్చాడనుకుని తలుపు చాటున నిలబడేది. ఆయన ఉద్యోగం మానేసి, ఆవిడకు అన్నం పెట్టడం, జడ వేయడం నేర్చుకున్నారు. పాయ వంకరగా వచ్చేది. నేను వెళ్ళి విప్పి మళ్ళీ వేసేదాన్ని.

కానీ పోయినేడు వేసవిలో పందిరి కింద మాత్రం వదిన వదినే. సాయంత్రం ఎండ తగ్గాక అక్కడికి తీసుకెళ్తే చేతులు వాటంతటవే పైకి వెళ్ళేవి. ఆకు చాటున ఉన్న లేతకాయను తడిమి కోసేది, ముదిరినదాన్ని వదిలేసేది. ఒడి నిండగానే వెనక్కి తిరక్కుండా "ఏవండీ, గిన్నె తెండి" అనేది. ముప్పై ఎనిమిదేళ్ళు నోరారా పిలిచిన పిలుపు, ఇప్పుడు రోజు మొత్తానికి ఆ ఒక్కసారే. ఆయన పరుగున లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చేవారు. మా కిటికీలోంచి రోజూ చూసి చూసి ఒకరోజు కోప్పడ్డాను. ఈ వయసులో రోజూ ఆ పరుగెందుకు, గిన్నె ముందే తెచ్చుకోవచ్చుగా అని.

"తెచ్చుకుంటే పిలవదు కదమ్మా" అన్నారు.



అక్టోబర్‌లో డాక్టర్ ఇంకో మాట చెప్పాడు. జబ్బు జోరందుకుందని, వచ్చే వేసవి దాటితే చేతులు కూడా స్వాధీనంలో ఉండకపోవచ్చని. అన్నయ్యగారు అది నోట్‌బుక్‌లో రాసుకుని వచ్చారు. పాత దుంప అయితే మే నెలలో మొలిచి జూన్ చివరికల్లా కాపుకొస్తుంది. కొత్త తీగ నాటితే సెప్టెంబర్ దాకా కాయ కనపడదు. సెప్టెంబర్ దాకా ఆగే వ్యవధి లేదు. ఇంకొక్క వేసవి, ఇంకో నలభై సాయంత్రాలు ఆ పిలుపు వినాలి. అందుకు ఆ దుంప ఈ చలికాలం గడిచి బతకాలి. ఆయనకు లోకంలో మరో కోరిక లేదు.

దుంప తవ్వి బకెట్‌లో ఇసక పోసి గరాజ్‌లో పెట్టుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. చాలామంది అదే చేస్తారు. "నవోమి ఎప్పుడూ తవ్వలేదు. ముందటేడు కూడా తడబడుతూనే తనే కప్పింది. ఆవిడ చేసినట్టే చేస్తాను" అన్నారు. ఆవిడ చేస్తున్నన్నాళ్ళూ ఈయన కార్‌లో అద్దాలెక్కించుకుని కూర్చున్నారు. ఏం చూశారని?

నవంబర్‌లో ఒక ఆదివారం, సూటూ టైతోనే పైన్ చెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని పన్నెండు సంచులు ఎత్తారు. చర్చి అంతా చూసింది. ఈసారి వదిన కార్‌లో కూర్చుంది. అద్దానికి అరచేయి ఆనించి ఆ ఆకునే చూస్తోంది.

నవంబర్ చివర్లో, థాంక్స్‌గివింగ్ పండగ ముందు రోజు పాదు కప్పారు. స్కేలు పెట్టి పన్నెండు అంగుళాలు కొలిచారు. జానెడు లోతున నేలలోకి ల్యాబ్ థర్మామీటర్ ఒకటి దించారు. ఫారెన్‌హీట్‌లో ముప్పై రెండు కిందికి వస్తే నేల బిగుస్తుందని, ఇరవై ఎనిమిది కిందికి వస్తే దుంప ఆశ వదులుకోవాలని నాకు పాఠం చెప్పి, నోట్‌బుక్‌లో తారీఖు వేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ కిటికీలోంచి చూస్తే, వదిన నైటీ మీద కోటు వేసుకుని, వెనక తలుపు దగ్గర వేలాడే కొబ్బరి ఈనెల చీపురుతో పాదు ఊడుస్తోంది. రాళ్ళు పక్కకి దొర్లించేసింది. ఒక చేయి నడుం మీద, ఒక చేయి చీపురు మీద, నేల కనపడేదాకా శుభ్రంగా ఊడ్చింది. పాత చీర పరిచి ఆకంతా దాంట్లో పోసి, నాలుగు మూలలూ లాగి మోపు కట్టింది. ఆ ముడి వేయడం చూడాలి, అంత ఒడుపు. నేను చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. అప్పటికే అన్నయ్యగారు తలుపులో నిలబడి ఉన్నారు. ఆయన్ని చూడగానే వదిన మోపును గుండెలకు హత్తుకుని ఒకడుగు వెనక్కి వేసింది.

"కొట్టకండి బాబుగారూ. ఒక్క మోపేనండి. మాయమ్మ పొయ్యి ఎలిగించుకోవాలండి."

సరుగుడు తోట కాపలా వాడనుకుంది. ఆయన తలుపులోంచి పక్కకి తప్పుకుని, "ఎత్తుకోమ్మా, ఎవరూ ఏమనరులే" అన్నారు.

వదిన నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో. మోపు నెత్తిన పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, ఓవెన్ తలుపు తీసి అందులో కుక్కింది. ఆ సంగతి తెలియక మధ్యాహ్నం ఆయన ఓవెన్ ఆన్ చేస్తే పొగ కమ్మి, అలారం మోగి, వీధివీధంతా బయటికొచ్చింది. అప్పటినుంచీ స్టవ్ నాబ్‌లు పీకి జేబులో వేసుకుని తిరిగేవారు. కానీ ఆ రోజు వదిన కడుపునిండా తింది. సాయంత్రందాకా సముద్రం గురించి, వాళ్ళమ్మ గురించి మాట్లాడుతూనే ఉంది. ఆయన ఓవెన్‌లో కాలగా మిగిలిన ఆకు తీసి, తీసుకెళ్ళి మళ్ళీ పాదు కప్పారు. మర్నాడు పొద్దున ఆవిడ మళ్ళీ ఊడ్చింది.

నాకు అప్పుడు అర్థమైంది. ఆకుతో పాదు కప్పడం ఆవిడ ఇక్కడికొచ్చాక నేర్చుకున్నది, అది పోయింది. ఆకు ఊడ్చి మోపు కట్టడం ఎనిమిదేళ్ళప్పుడు నేర్చుకున్నది, అదొక్కటే మిగిలింది. పదకొండు చలికాలాలు ఆ దుంపను కాపాడిన చేతులే ఇప్పుడు దాని మీది కప్పు తీసేస్తున్నాయి. ఎవరిమీద కోప్పడాలి? అన్నయ్యగారి మీద కోప్పడ్డాను.

నేను చెప్పని ఉపాయం లేదు. ఆకు బదులు గడ్డి కప్పమన్నాను. కప్పారు. గడ్డి అయితే మాత్రం పొయ్యిలోకి పనికిరాదా, అదీ ఎత్తేసింది. ఇంటి ముందు లాన్‌లో వేరే ఆకు పరిచి ఆవిడను అటు తిప్పమన్నాను. పరిచారు. అటు కాలు పెట్టలేదు, వెనక తలుపు తీసుకుని ఆ గోడ మూలకే వెళ్ళింది. పాదు మీద ఇనప వల బిగించమన్నాను. బిగించారు. వదిన వేళ్ళతో ఆ వల పీకింది. గోళ్ళ మొదట్లో రక్తం కారుతున్నా ఆపలేదు. అన్నయ్యగారు ఆ పూటే వల కత్తిరించి పారేశారు. తవ్వి తీద్దామంటే నేల అప్పటికే రాయిలా బిగిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

క్రిస్మస్‌కి అబిగేల్ తాను ఉద్యోగం చేసే శాంటా క్లారా నుంచి వచ్చింది. ఇంటిమీద స్టార్ కట్టింది, కేక్ చేసింది. వాళ్ళమ్మ ఆ పిల్లను "టీచరమ్మగారూ" అని పిలుస్తుంటే నవ్వుతూనే బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చొచ్చేది. పొద్దున్నే గడ్డకట్టిన నేల మీద, గ్లౌజులు పీకేసి ఊడుస్తున్న అమ్మను చూసి హడలిపోయింది. ఆ సాయంత్రమే షాప్‌కి డ్రైవ్ చేసుకెళ్ళి, చిన్నపిల్లలున్న ఇళ్ళలో వాడే లాక్ తెచ్చి వెనక తలుపు హ్యాండిల్‌కి బిగించింది.

"డాడీ, ఇది సేఫ్ కాదు. అమ్మ ఐస్ మీద స్లిప్ అయితే హిప్ పోతుంది. ఇంక లేవదు. లాక్ తియ్యనని నాకు ప్రామిస్ చెయ్యి" అంది.

ఆయన ప్రామిస్ చేశారు. నేనూ పక్కనే ఉండి ఆ పిల్లనే సమర్థించాను. తప్పేముంది అందులో? ఇప్పటికీ ఆ పిల్ల అన్నది తప్పనను.

తొమ్మిది రోజులు తలుపు బిగించి ఉంది. అబిగేల్ మధ్యలో వెళ్ళిపోయింది, ఆఫీస్ ఉందిగా. మొదటి రెండు రోజులు వదిన చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి కొట్టింది. తర్వాత రెండు రోజులు, ఆకు లేకుండా ఇంటికెళ్తే అమ్మ కొడుతుందని ఏడ్చింది. ఆ తర్వాత కుర్చీలో కూర్చుంది. చెంచా నోటిదాకా వస్తే పెదాలు బిగించేసేది. తొమ్మిదో రోజు మిరియాల చారు పట్టుకుని నేను వెళ్ళేసరికి, ఆవిడ గోడ వైపు చూస్తోంది, అన్నయ్యగారు నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎడమ పేజీలో రోజువారీ నేల వేడి రాసి ఉంది. కుడి పేజీలో ఆ రోజు వదిన ఎన్ని మాటలు మాట్లాడిందో. చివరి వరసలో ఎడమవైపు ముప్పై నాలుగు, కుడివైపు సున్నా.

"దుంప బాగుందమ్మా" అన్నారు. నోట్‌బుక్ మూసి, "జూన్‌లో నన్నొకసారి పిలవాలని, ఇప్పుడు ఆవిడ నోరు నొక్కేశాను" అన్నారు.

నేను అడ్డం పడ్డాను. పడితే తుంటి విరుగుతుందన్నాను, చలికి న్యుమోనియా వస్తుందన్నాను, కూతురికిచ్చిన మాటన్నాను. ఆ పాదు ఆవిడ పన్నెండేళ్ళ కష్టమన్నాను. అది పోతే వేసవిలో మిమ్మల్ని గుర్తుపట్టడానికి ఆవిడకు ఇంకేం మిగలదని కూడా అనేశాను. ఎప్పటిలాగే తలూపుతూ అన్నీ విన్నారు. తర్వాత లేచి డ్రాయర్‌లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని లాక్ విప్పారు. నాలుగు స్క్రూలూ వరసగా కిటికీ గట్టు మీద పెట్టారు.

మర్నాడు పొద్దున దారి పొడుగునా ఇసక చల్లారు. ఆవిడకు రెండు స్వెట్టర్లు, రెండు జతల మేజోళ్ళు తొడిగి, ఫోన్‌లో పావుగంటకు అలారం పెట్టుకుని తలుపు తీశారు. ఆవిడ ఊడుస్తుంటే తాను పక్కనే కాపలా వాడిలా నిలబడ్డారు. "ఎత్తుకోమ్మా, ఎవరూ ఏమనరులే." ఆ రోజు వదిన మూడిడ్లీలు తిందని ఆయన చర్చిలో ఎవరికో చెబుతుంటే విన్నాను. నాతో చెప్పలేదు, నేను మాట్లాడటం మానేశాను కాబట్టి.

ఆ జనవరిలో చలి ఎముకలు కొరికింది. నేను మాటలు మానేశానే గాని కర్టెన్ చాటునుంచి చూడటం మానలేదు. వదిన చీపురు ఆకుతో ఆగేది కాదు, రోజూ కాస్త మట్టిని కూడా గీరుకుపోయేది. పొద్దుటినుంచీ బోడినేల, మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ కప్పు. బిగియడం, కరగడం, బిగియడం. ఏది కూడదని ఆవిడ నాకు చెప్పిందో అదే రోజూ జరిగింది. జనవరి నెలాఖరులో ఒకరోజు చూస్తే పాదు దగ్గర థర్మామీటర్ లేదు. పగిలిపోయిందేమో అనుకున్నాను. ఆయన మాత్రం రోజూ మూడింటికి వచ్చి స్కేలు పెట్టి కొలిచి మరీ ఆకు కప్పి వెళ్ళేవారు.

మే వచ్చింది. అందరి పెరళ్ళలో ఏదో ఒకటి పచ్చగా లేచింది. మదర్స్ డే ఆదివారం ఇంక ఉండబట్టలేక, పంతం పక్కనపెట్టి గునపం పట్టుకుని కంచె తలుపు తీసుకుని వెళ్ళాను. అన్నయ్యగారు వద్దనలేదు. రెండు దెబ్బలకే దుంప దొరికింది. చేతిలోకి తీసుకుంటే మెత్తగా, వేళ్ళ మధ్యనుంచి జారిపోయింది. అంత పెద్ద దుంప, ఆవిడ తలంత ఉండేది. ఆ కుళ్ళు వాసన ఇప్పటికీ నా ముక్కు వదల్లేదు. అక్కడే కూలబడి ఏడుస్తూ నోటికొచ్చినట్టల్లా అన్నాను. ఆ లాక్ అలాగే ఉంచి ఉంటే ఈపాటికి మొలక వచ్చేదన్నాను.

"జనవరి ఇరవై రెండునే పోయిందమ్మా. ఇరవై ఆరు చూపించింది" అన్నారు.

అంటే ఆయనకు తెలుసు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, ఇవాళ్టిదాకా రోజూ మూడింటికి వచ్చి చచ్చిన దుంపకు పన్నెండు అంగుళాలు కొలిచి కప్పారు. ఎందుకు అని అడగబోయి తలెత్తితే, వంటింటి గుమ్మంలో వదిన ఆ పొద్దుటి మోపు పక్కన కూర్చుని, చీరలోంచి రాలిన సూదులు ఒక్కొక్కటే ఏరుకుంటోంది. ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఇంక అడగలేదు.

జూన్ చివర్లో ఒక సాయంత్రం, ఆ వేళకే, ఆయన వదినను బోడి పందిరి కిందికి తీసుకొచ్చారు. గిన్నె తేలేదు. ఆవిడను కర్రల కింద నిలబెట్టి తాను రెండడుగులు వెనక్కి జరిగి నిలుచున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. వదిన చేతులు పక్కనే వేలాడుతున్నాయి. పైకి చూసింది, ఆకాశం కనపడింది. చాలాసేపటికి వెనక్కి తిరిగి, "చీకటి పడుతోందండి బాబుగారూ, ఇంటికి పోతానండి" అంది. ఆయన చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు.

ఎడిసన్ నుంచి కొత్త తీగ తెచ్చి, చీపురు తగలకుండా పందిరి అవతలి వైపు నేనే నాటాను. సెప్టెంబర్‌లో పూసింది, నాలుగు కాయలు కాసింది. అప్పటికి వదిన చేతులు చెంచా కూడా పట్టలేకపోతున్నాయి. కాయలు పండి ఎర్రబడితే పిట్టలు తినిపోయాయి. పొద్దుటి ఊడ్పు మాత్రం అక్టోబర్ దాకా ఏదో విధంగా సాగింది, ముందు పావుగంట, తర్వాత ఐదు నిమిషాలు, తర్వాత నాలుగు చీపురు దెబ్బలు.

ఈ నవంబర్‌లో అన్నయ్యగారు చర్చి నుంచి మళ్ళీ పన్నెండు సంచులు తెచ్చారు. పొద్దున్నే వదినను పట్టుకుని నడిపించుకొచ్చి, చేతిలో చీపురు పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ దాని చుట్టూ మూశారు. చీపురు కింద పడింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. "ఎత్తుకోమ్మా, ఎవరూ ఏమనరులే" అన్నారు. ఆవిడ ఆ ఆకును ఏ నేలనైనా చూసినట్టే చూసింది. ఆయన ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పి, ప్యాంటు పైకి మడుచుకుని తానే వంగి ఊడవడం మొదలుపెట్టారు. చీపురు పట్టుకోవడం కూడా రాదు ఆ మనిషికి, ఆకంతా తన కాళ్ళమీదికే తోసుకుంటున్నారు. చీర పరిచి, వంకర ముడి వేసి మోపు ఆవిడ ఒళ్ళో పెట్టారు. ఆవిడ చేయి దాని మీద అలా ఉండిపోయింది.

నేను కంచె దగ్గరికి వెళ్ళి అడిగేశాను. ఇంకెందుకన్నయ్యా, కింద దుంప లేదు, ఊడ్చే మనిషికి ఊడ్చానన్న ధ్యాస లేదు, ఇంక ఈ ఆకు ఎవరికోసం అని. ఆయన నడుం పట్టుకుని మెల్లగా నిటారుగా లేచారు.

"మొగుణ్ణన్న సంగతి ఎప్పుడో పోయింది కదమ్మా. కాపలా వాడిగానైనా ఉన్నాను. ఈ ఆకు కూడా లేకపోతే ఆవిడకి నేనెవర్ని?" అన్నారు.

నాకున్న కోపమంతా ఏమైందో తెలియదు. వచ్చి సింక్‌లో ఉన్న గిన్నెలే మళ్ళీ కడిగాను. మధ్యాహ్నం మూడింటికి కిటికీలోంచి చూస్తే ఆయన మోపు విప్పి పాదు మీద ఆకు పరుస్తున్నారు. పరిచాక జేబులోంచి స్కేలు తీసి కొలిచారు. ఒక మూల తగ్గినట్టుంది, ఇంకో గుప్పెడు వేశారు.